తవుడుకి కొన్న పిల్ల

"మీ అమ్మాయి బయల్దేరినప్పుడు వెంట ఎవరైనా ఉన్నారా?"

"మా అమ్మాయి కాదు బాబూ. ఏసుమణమ్మగారి పిల్ల."

డిటెక్టివ్ బంగార్రాజు రాసుకోవడం ఆపి తలెత్తాడు. ఆ ఉత్తరాది ఊళ్ళో తెలుగువాళ్ళుండే భాలుబాసా పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో, నేల మీద గోడకి చేరబడి కూర్చున్న ఈ పోలమ్మే నిన్న వానలో తడుస్తూ అతని గుమ్మంలోకి వచ్చింది. "తవిటమ్మని ఎతికి పెట్టండి బాబూ" అని కాళ్ళ మీద పడబోయింది. నాలుగు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు. అంత ఏడుపులోనూ ఈ దిద్దుబాటు మాత్రం మర్చిపోలేదు.

"కన్నది నువ్వే కదమ్మా?"

"కన్నాను. కంటే నాదైపోద్దేటి? తవుడుకి అమ్మీసినాం కదా."

అప్పటికి గాని బంగార్రాజుకి వెలగలేదు. అతనిదీ విజయనగరం అవతల పల్లెటూరే. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతూంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో తవుడు పోసి, దాని మీద పడుకోబెట్టి, పిల్లలు దక్కిన మరో ఆడమనిషికి అమ్మేస్తారు. ధర, గుప్పెడు తవుడు. కొన్నావిడ బిడ్డ చెవికి రాగి పోగు కుట్టించి, "నా పిల్లని పెంచిపెట్టు" అని తల్లి చేతికే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ రోజు నుంచి తల్లి నోట "నా పిల్ల" అనే మాట రాకూడదు. పోలమ్మ పిల్ల ఎక్కడ అని వెతుక్కుంటూ వచ్చిన చావు, ఇది పోలమ్మ పిల్ల కాదటగా అని మొహం వేలాడేసుకుని పోవాలి. యముణ్ణి బోల్తా కొట్టించడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం మనవాళ్ళు కనిపెట్టలేదు.

పోలమ్మకి ముందు ఇద్దరు పోయారు. మూడోది ఈ తవిటమ్మ. ఇరవై రెండేళ్ళు నిక్షేపంలా బతికింది. కెమిస్ట్రీలో బి.యస్సీ. ఫస్టుక్లాసులో ప్యాసైంది. కెనడాలో ఒక యూనివర్సిటీ సీటిచ్చి, ఖర్చులు కూడా తనే పెట్టుకుంటానంది. బడిలో ఆయాగా పనిచేసే విధవరాలి ఇంట్లో ఇది మామూలు సంగతి కాదు. అక్కడ చదువుకోడానికి స్టడీ పర్మిట్ కావాలని దరఖాస్తు పెట్టారు. అప్పట్నించీ మొదలైంది గొడవ.

"దరఖాస్తు పెట్టాక ఏమేం జరిగిందో వరసగా చెప్పమ్మా."

"ఒకటా రెండా బాబూ! రకతం తీసినారు. గుండెల ఫోటో తీసినారు. పోలీసోళ్ళ కాయితం కావాలన్నారు, అదీ ఇచ్చినాం. పాసుపోట్టు, సర్టిపికేట్లు అన్నీ సీతారామరావు బాబు కాడే ఉన్నాయి."

సీతారామరావు జుగ్సలాయిలో ఒక గోడౌను మేడ మీద ఆఫీసు పెట్టి, కుర్రాళ్ళని పై దేశాలకి చదువులకి పంపించే పెద్దమనిషి.

"ఇంకా ఎంకోయిరీ ఉంటాదని ఆ బాబే ముందుగా సెప్పినారు. ఎవులొచ్చినా ఎదురు సెప్పకండి, అడిగిందానికి జవాబు సెప్పండి, నేదంటే పర్మిట్టు ఆగిపోద్ది అన్నారు. సోమవారం నాడు వచ్చినాడు ఒకడు. తోలు సంచీ ఏసుకొని. ఇందీలోనే మాటాడినాడు. కెనడావోళ్ళ తరపున అన్నాడు. టీ ఇచ్చినాను."

"కార్డేదైనా చూపించాడా?"

"అడగొద్దన్నారు కదా బాబూ!"

బంగార్రాజు పళ్ళు కొరుక్కున్నాడు. దరఖాస్తు పెట్టుకున్న ఇంట్లో, సంచీ వేసుకొచ్చి నాలుగు ప్రశ్నలడిగిన ప్రతివాడూ దొరే. వాడికి కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, ఇంటి గుట్టంతా ఒప్పచెబుతారు. ఎవడ్రా నువ్వు అని అడిగే దమ్ము మాత్రం ఎవరికీ ఉండదు.

"ఏమేం అడిగాడు?"

"పుట్టుమచ్చలడిగినాడు. సెవి సూసినాడు. ఈ పోగేటి అనడిగినాడు. పాసుపోట్టులో కూడా అదే రాసినారు కదా, కుడి సెవి పైన రాగి పోగు అని. పెట్టిన ఫోటో బాగునేదు, కుడి సెవి అవుపడాల అన్నాడు. సాక్చీలో ఒక స్టూడియో పేరు రాసిచ్చి, రేపు పదింటికి ఆడికే ఎల్లి తీయించుకోండి అన్నాడు. ఎల్లింది. మరి రానేదు."

"ఆ పోగు ఊడొస్తుందా?"

"రాదు బాబూ. అతికించీసినారు. కొయ్యాలంతే. కొయ్యనిత్తాదా అది! కాలేజీలో అందరూ ఎక్కిరించినా తియ్యనేదు. దాని మీద సెయ్యేత్తే కరిసీగల్దు. పేణం ఉండగా తియ్యనీదు."

ఆ చివరి మాట అని పోలమ్మ నోరు నొక్కుకుంది. బంగార్రాజు గొడుగు తీసుకుని లేచాడు. కూతురి కోసం వెతుకుతున్న తల్లి, నా కూతురు అని ఒక్కసారైనా అనకుండా ఏడవడం చూడలేకపోయాడు.

---

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ రామ్‌సేవక్ సిన్హా చాలా ఉత్సాహంగా ఉన్నాడు. తప్పు దారిలో పడ్డప్పుడు ఆయనెప్పుడూ అలాగే ఉంటాడు.

"రండి, జాసూస్ సాబ్! ఆలస్యమైపోయింది. కేసు అయిపోయింది."

"పిల్ల దొరికిందా?"

"పిల్లని కొన్నది దొరికింది." సిన్హా బల్ల మీద చేత్తో చరిచాడు. "తల్లి తన నోటితో ఒప్పుకుంది. నీ కూతురేనా అంటే కాదంది. మరెవరి కూతురంటే, ఏసుమణిదంది. ఎలాగంటే, బేచ్ దియా అంది. విన్నారా? అమ్మేశాం అని! దేనికి అమ్మావంటే ఏమందో తెలుసా? చోకర్!"

"చోకర్ అంటే తవుడు."

"అది మీలాంటి అమాయకులకి. అది వీళ్ళ కోడ్. నల్లమందో, బంగారమో. ఇరవై రెండేళ్ళ కిందట కొన్న పిల్లని ఇప్పుడు విదేశాలకి అమ్ముకుంటోంది ఆ ముసలి నర్సు. ఇవాళ పొద్దున్నే కోర్టుకి పంపించాను, రిమాండుకి."

భీమునిపట్నం నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పురుళ్ళు పోసిన ఏసుమణి చేతికి బేడీలు! ఆవిడ చేసిన పాపమల్లా పాస్టరుగారికి తెలియకుండా ఒక పసిగుడ్డుని చేటలోంచి ఎత్తుకోవడమే.

బంగార్రాజుకి ఒళ్ళు మండిపోయింది. "సిన్హా సాబ్! చోకర్ అంటే చోకరే. గొడ్లు తింటాయి. కాస్త మీరూ రుచి చూడండి, తెలుస్తుంది."

"జాగ్రత్త! మీరిప్పుడు రైల్వే పోలీసులో లేరు. ఇది నా ఠాణా."

"మీ ఠాణా కాబట్టే చెబుతున్నాను. సోమవారం ఆ ఇంటికి ఎంక్వైరీ పేరుతో ఒకడొచ్చాడు. వాడెవడో కనుక్కున్నారా? పాస్‌పోర్టు ఎంక్వైరీ ఎప్పుడో అయిపోయింది. పర్మిట్ కోసం ఇల్లిల్లూ తిరిగి చెవులు చూసే ఆఫీసు ఏ దేశానికీ లేదు."

"అంతా ఆ ముసల్దాని ముఠాయే. ఒప్పిస్తాను."

"ఆ పిల్ల మొహమైనా తెలుసా మీకు?"

సిన్హా ఫైల్లోంచి ఒక ఫోటో తీసి విసిరాడు. గోరంత ఫోటో, మొహం మీద సగం దాకా రబ్బరు స్టాంపు. అది చూసి కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. కిందటేడు జుగ్సలాయి గోడౌను దొంగతనంలో సిన్హా పట్టుకున్నవాణ్ణి కోర్టు వదిలేసింది. అసలు దొంగని బంగార్రాజు పట్టిచ్చాడు. ఆ మంట ఈయనకింకా చల్లారలేదు. దానికి వెల ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు కడుతున్నారు.

"మధ్యాహ్నానికి వస్తాను" అన్నాడు బంగార్రాజు. "అప్పటిదాకా ఇంకెవర్నీ పట్టుకోకండి."

---

స్టూడియో సాక్చీ బజారు వెనక సందులో ఉంది. బోర్డుంది, తాళం ఉంది, మనిషి లేడు. ఇంటి యజమానురాలు ధనమ్మ పక్క వాటాలోంచి తాళంచెవి తెచ్చింది గాని, ఇవ్వడానికి వెనకాడింది.

"పోలీసోళ్ళేటి మీరు?"

"కాదు."

"అయితే ఇదిగో తీసుకోండి" అంది ధనమ్మ.

ఒకటే గది. నల్ల తెర, ఎత్తు స్టూలు, నిలువు దీపం. బంగార్రాజు గుమ్మంలోనే నిలబడి ముందు వాసన చూశాడు. ఫోటోలు కడిగే గదిలో ముక్కు బద్దలయ్యే మందు వాసనొకటి ఉంటుంది. ఇక్కడ తడిసిన గోడల కంపు తప్ప ఏమీ లేదు. నీళ్ళ కుళాయి కోసం చూశాడు. లేదు. తొట్టి లేదు. నీళ్ళు లేకుండా ఫోటో కడిగే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. నిలువు దీపం దగ్గరికెళ్ళి లోపలికి చూశాడు. బల్బు కూడా లేదు.

"ఇక్కడెవరైనా ఫోటో తీయించుకోవడం చూశారా?"

"నేదు. అద్దెకి దిగి పట్టుమని పది దినాలు కానేదు. మంగళారం నాడు ఒక గుంట వచ్చింది, నీలం సీర కట్టుకొని. మెడ తిప్పమ్మా, ఇటు తిప్పు అంతన్నాడు లోపల. నాతో ఎప్పుడూ ఇందీలో మాటాడినోడు, ఆవేళ తెలుగులో అంతన్నాడేటా అనుకున్నాను. ఆ తరవాత ఒకటే కేక."

"మీరు వెళ్ళలేదా?"

"ఎల్లినాను బాబూ! తలుపు గడియేసుంది. కొట్టినాను. తీసి, గుంటకి కళ్ళు తిరిగినాయి, ఆసుపత్రికి తీసుకెల్తన్నాం అన్నాడు. ఇంకోడు వెనక దారిన ట్యాక్సీ తెచ్చినాడు. భుజం మీద ఏసుకొని తీసుకుపోనారు. సెవికాడ గుడ్డ అడ్డం పెట్టినారు." ధనమ్మ గొంతు తగ్గించింది. "బతికే ఉందంటారా?"

బంగార్రాజు స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేల ఊడవలేదు. వేలితో దుమ్ము వెతుకుతూ పోయాడు. స్టూలు కాలి పక్కన, సిమెంటు పగులులో ఏదో మెరిసింది. గోటితో పైకి తీశాడు. బియ్యపు గింజంత రాగి ముక్క. రెండు వైపులా కటింగ్ ప్లేయరు నొక్కిన గుర్తులున్నాయి. ఒక అంచున ఎండిన నెత్తురుంది.

దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. డబ్బు కోసం ఎత్తుకుపోయినవాడికి చెవి పోగుతో పనేముంది? పాస్‌పోర్టులో రాసిన గుర్తు ఎవరికి కావాలి? ఆ పాస్‌పోర్టు మీద వెళ్ళబోయే మనిషికి కావాలి. వాళ్ళకి తవిటమ్మ అక్కర్లేదు. ఆమె పేరు, ఆమె సీటు, ఆమె పర్మిట్ కావాలి. ఆ సీట్లో ఇంకో పిల్లని కూర్చోబెట్టి విమానం ఎక్కించేస్తారు. ఆ తర్వాత అసలు పిల్ల ఎక్కడుండాలి? ఎక్కడా ఉండకూడదు. ఈ లెక్కకి వేరే జవాబు లేదు.

---

ఠాణా ముందు ఒక ట్యాక్సీ ఆగి ఉంది. లోపల కుర్చీలో, బంగారు ఫ్రేము కళ్ళజోడు తుడుచుకుంటూ, తెల్లటి మనిషి ఒకాయన కూర్చున్నాడు. ఆయన పక్కన నీలం చీరలో ఒక పిల్ల తలొంచుకుని నిలబడింది.

"రండి, రండి!" సిన్హా మొహం వెలిగిపోతోంది. "వీరు సీతారామరావుగారు. ఇదిగో మీ తప్పిపోయిన తవిటమ్మ. తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చింది."

సీతారామరావు నమస్కారం పెట్టాడు. గుంటూరు వైపు మాట, ఎక్కడా తడబాటు లేదు. "పాపం, ఎంక్వైరీ అంటే భయపడి రాంచీలో స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయిందండీ. ఇవాళ నా ఆఫీసుకి వచ్చి ఏడ్చింది. తప్పిపోయిందన్న కంప్లయింటు అలాగే ఉంటే పర్మిట్ ఆగిపోతుంది కదా! అందుకని తీసుకొచ్చాను. సాయంత్రం బండికి ఢిల్లీ వెళ్ళాలి, ఇంటర్వ్యూ ఉంది."

"ఏ స్నేహితురాలమ్మా?" అన్నాడు బంగార్రాజు.

"కాలేజ్ కీ సహేలీ" అంది ఆ పిల్ల హిందీలో, తల ఎత్తకుండా. అందులో వింతేమీ లేదు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే పిల్లలు హిందీలోనే జవాబు చెబుతారు.

బంగార్రాజు ఆమె కుడి చెవి కేసి చూశాడు. పైన రాగి పోగుంది. పోగు పాతదే, అరిగి నల్లబడింది. చెవి మాత్రం వాచి, కొత్తగా కుట్టిన చోట ఎర్రగా కమిలి, తెల్లటి మందు పూసి ఉంది. పోగు రెండు కొసలూ కలవలేదు. మధ్యలో బియ్యపు గింజంత ఖాళీ. ఆ ఖాళీలో పట్టే ముక్క అతని జేబులో ఉంది.

అతను నోరు తెరిచేలోగా కానిస్టేబులు పోలమ్మని లోపలికి తీసుకొచ్చాడు. ఆవిణ్ణి ఇంటి దగ్గర్నించి సీతారామరావే ముందుగా విడిగా ట్యాక్సీలో తెచ్చి, వెనక వరండాలో కూర్చోబెట్టాడట.

"చూడు" అన్నాడు సిన్హా. "ఈమె నీ కూతురేనా? సరిగ్గా చూసి చెప్పు."

పోలమ్మ దగ్గరికి నడిచింది. ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం ఎత్తింది. జుట్టు వెనక్కి తోసింది. వేలు చెవి దాకా వెళ్ళింది, పోగుని తాకింది, తెగిన కొసల మీద ఆగింది. ఆ ముసలి మొహంలో ఏదో లోపలికి కుంగిపోయింది.

"నా పిల్లే" అంది పోలమ్మ.

బంగార్రాజు ఉలిక్కిపడ్డాడు.

"నా పిల్లే బాబూ. నా కడుపున పుట్టిన నా పిల్ల. నా పిల్లే."

"మేరీ బేటీ హై అంటోందండీ" అని సీతారామరావు సిన్హాకి అనువదించాడు.

అనువాదంలో ఏ లోపమూ లేదు. కాని పొద్దున్నే, ఇరవై రెండేళ్ళ అలవాటు వదల్లేక, ఏడుస్తూ కూడా "ఏసుమణమ్మగారి పిల్ల" అని తనని దిద్దిన మనిషి ఈవిడ! గుంటూరు పెద్దమనిషికి ఈ సంగతి తెలీదు. సిన్హాకి అంతకన్నా తెలీదు. ఈ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాడు బంగార్రాజు. దారిలో ట్యాక్సీలో బెదిరించి ఉంటారు, అవునను, లేకపోతే నీ కూతురు నీకు దక్కదు అని. అందుకని అవునంటోంది. అంటూనే, అనకూడని మాట అని నాకు సైగ చేస్తోంది. ఇది తవిటమ్మ కాదు, అసలు పిల్ల వీళ్ళ దగ్గరే ఉంది, తొందరపడి చెడగొట్టకు అంటోంది. ఎంత తెలివైన తల్లి! రాగి ముక్కని జేబులోంచి తియ్యకుండా అలాగే ఉంచేశాడు.

"ఏమంటారు జాసూస్ సాబ్? క్షమాపణ ఏమైనా..."

"తప్పయిపోయింది సాబ్. మీరే గెలిచారు."

సిన్హా ఈ జవాబు ఊహించలేదు. కాసేపు చూసి, పకపకా నవ్వాడు. ఏసుమణిని వదిలెయ్యమని చీటీ రాస్తే, అది తానే కోర్టుకి తీసుకెళతానన్నాడు బంగార్రాజు. ఆవిడ వచ్చి ఈ పిల్ల మొహం చూస్తే చాలు, సాక్ష్యం దొరుకుతుంది. బండి సాయంత్రానికి గాని లేదు. అప్పటికి స్టేషన్లో అందర్నీ ఒకేసారి పట్టుకోవచ్చు.

బయట సీతారామరావు ట్యాక్సీ తలుపు తీసి పట్టుకున్నాడు. "మీరూ రండమ్మా, స్టేషన్ దాకా. దారిలో మా గోడౌన్లో సామాను తీసుకుందాం" అన్నాడు. పోలమ్మ ఎక్కింది. బంగార్రాజు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత జాగ్రత్త మనిషి అనుకున్నాడతను.

---

కోర్టు వరండాలో, ఆడ కానిస్టేబులు పక్కన బెంచీ మీద ఏసుమణి కూర్చుని ఉంది. తెల్ల చీర, ఒళ్ళో నలిగిన సంచీ. బంగార్రాజు చీటీ కానిస్టేబులుకి ఇచ్చి, జరిగిందంతా చెప్పాడు. తన తెలివి గురించి కూడా కాస్త ఎక్కువే చెప్పాడు.

"...అందుకే నేను నోరెత్తలేదమ్మా. 'నా పిల్లే' అన్న ఒక్క మాటతో నాకు మొత్తం చెప్పేసింది పోలమ్మ."

ఏసుమణి ఒళ్ళో సంచీ తీసి పక్కన పెట్టింది.

"ఏమన్నదీ?" అని అడిగింది. "మళ్ళీ చెప్పండి."

"నా పిల్లే, నా కడుపున పుట్టిన నా పిల్ల అంది. మూడు నాలుగుసార్లు అంది."

"పోగు ముట్టుకుని అన్నదా?"

"అవును."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు ప్రార్థనలో లాగా కదిలాయి.

"మీకు సగమే తెలుసండీ" అంది. "పిల్లకి ఏడో ఏడు వచ్చినప్పుడు జ్వరం మెదడుకెక్కింది. మా వార్డులోనే ఉంది. డాక్టరు ఆశ వదులుకోమని వెళ్ళిపోయారు. పోలమ్మ వరండాలో పడి దొర్లుతూ, 'నా పిల్లా' అని మొదలుపెట్టింది. వాళ్ళత్త పరుగెత్తుకుంటూ వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకా ఊపిరుందే, అప్పుడే అనకే అంది. అప్పుడడిగాను నేను, ఎప్పుడు అనాలి అని. ఊపిరి పోయాక అనొచ్చట. ఇంక చావు విన్నా భయం లేదు కదా. కొన్నావిడ హక్కు అక్కడితో తీరిపోతుంది, కన్నదానికి పిల్ల తిరిగొస్తుంది. పాడె మీద ఉన్న పిల్లనే తల్లి నా పిల్ల అంటుంది."

బంగార్రాజు జేబులోని రుమాలు తడుముకున్నాడు.

"పోలమ్మ మీకు సైగ చెయ్యలేదు బాబూ" అంది ఏసుమణి. ఇప్పుడావిడ ఏడుస్తోంది. "ఆ గదిలో మీరున్నట్టు కూడా దానికి తెలిసి ఉండదు. తెగిన పోగు చూసింది. పిల్ల ప్రాణం ఉండగా తియ్యనివ్వదని దానికి తెలుసు. కూతురు చచ్చిపోయిందనుకుంది. చంపినవాణ్ణి వదలకూడదని వాడి పక్కన ట్యాక్సీ ఎక్కింది. మీరు ఎక్కనిచ్చారా దాన్ని?"

ఎక్కనిచ్చాడు. పైగా మెచ్చుకున్నాడు. తన ఊరి ఆచారం తనకి తెలుసన్న పొగరుతో, సగం మాట పట్టుకుని, ఒక తల్లిని హంతకుల బండిలో సాగనంపాడు. చోకర్‌ని నల్లమందు అనుకున్న సిన్హాకీ తనకీ తేడా ఏముంది?

అతను మెట్లు దిగి రిక్షా కోసం పరుగెత్తబోతూండగా, పోలీసు జీపు బురద చిమ్ముకుంటూ వచ్చి ఎదురుగా ఆగింది. సిన్హా ఒక్కడే దూకాడు. టోపీ లేదు. పొద్దుటి ఉత్సాహమూ లేదు.

"ఆ ట్యాక్సీవాడు తిరిగొచ్చాడు" అన్నాడు ఆయాసపడుతూ. "నీలం చీర పిల్ల వాడితోనే ఉంది. నేను తవిటమ్మని కాను, మా నాన్న డబ్బు కట్టి ఈ పని చేయించాడు అని నా కాళ్ళు పట్టుకుంది. ఆ రావు పిల్ల తల్లిని జుగ్సలాయి గోడౌన్లోకి తీసుకెళ్ళాడట, సామాను తీసుకుందామని. లోపల్నించి మగవాడి కేక వినబడిందట. ఏదో బరువైంది పడిందట. తలుపు లోపల గడియ. మావాళ్ళు బాదుతున్నారు, జవాబు లేదు."

"పోలమ్మ?" అన్నాడు బంగార్రాజు. "పోలమ్మ గొంతు వినబడిందా?"

"వినబడింది. పై కిటికీలోంచి ఏదో అరిచిందట, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ట్యాక్సీవాడికి మీ భాష కొంచెం వచ్చు, మాట మాటే ఒప్పచెప్పాడు. మళ్ళీ అదే కోడ్, బంగార్రాజూ! ఈసారైనా అర్థం చెప్పండి." సిన్హా చేతిలో కాగితం చూసి కూడబలుక్కుంటూ చదివాడు. "'ఏసుమణమ్మగారి పిల్ల ఈడుంది. ఏసుమణమ్మగార్ని బేగి రమ్మనండి.'"

వరండా మీద బెంచీ కిర్రుమంది. ఏసుమణి లేచి నిలబడింది.

"ఎవరి పిల్ల అన్నదీ?"

"ఏసుమణమ్మగారి పిల్ల" అన్నాడు సిన్హా మళ్ళీ, ఏమీ అర్థం కాకుండా.

"ఎంతసేపైంది?"

"అరగంట దాటింది. అప్పట్నించీ లోపల చప్పుడు లేదు."

అరవయ్యేళ్ళ ఆ నర్సు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగింది. ఇన్‌స్పెక్టరుని పక్కకి తోసి, జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"బతికుంది" అంది డ్రైవరుతో. "నా పిల్ల. తొందరగా తోలు."